పడకగదిలో కంప్యూటర్: శబ్దం లేని, నమ్మకమైన 4 టీబీ హార్డ్ డిస్క్ ఏది?

తెనాలి_తంబుర
అందరికీ నమస్కారం. మా నాన్నగారు హరికథలు చెప్పేవారు. ఆయన క్యాసెట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. వాటితోపాటు ఇంటి ఫోటోలు, పిల్లల వీడియోలు ఉన్నాయి. పాత డిస్క్ నిండిపోయింది, పైగా గరగరమంటోంది. కంప్యూటర్ ఉన్నది అమ్మ పడుకునే గదిలోనే. నమ్మకంగా, నిశ్శబ్దంగా పనిచేసే 4 టీబీ డిస్క్ ఒకటి చెప్పండి. ఒక్కదానికే డబ్బులున్నాయి.

బెజవాడ_బైట్
ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని, చిప్పుల మీద దాచే డిస్క్) తీసుకోండి. శబ్దమే ఉండదు.

నల్లకుంట_79
4 టీబీ ఎస్‌ఎస్‌డీ ధర చూసే చెబుతున్నారా? పైగా ఇది దాచుకునే డేటా. ఎస్‌ఎస్‌డీని కరెంటు ఇవ్వకుండా ఏళ్ల తరబడి బీరువాలో పెడితే అందులోని చార్జి మెల్లగా తగ్గిపోతుంది.

తంబుర గారూ, 3.5 అంగుళాల డిస్కుల్లో 5400 ఆర్‌పీఎం రకం, అంటే నిమిషానికి 5400 చుట్లు తిరిగేది చూడండి. 7200 కన్నా నిదానంగా తిరుగుతుంది కాబట్టి హోరు, వేడి, అదురు తక్కువ. లోపల గాలికి బదులు హీలియం నింపిన పెద్ద సైజు డిస్కులు చవగ్గా దొరికినా ఆ గదిలోకి వద్దు. డేటా చదివి రాసే హెడ్లు కదిలినప్పుడల్లా టకటకమంటాయి. కొన్నయితే పనేమీ లేకపోయినా ఐదు సెకన్లకోసారి టక్కుమంటాయి. అది రిపేరు కాదు, వాటి పద్ధతే అంత.

ఇంకోటి, ట్రాకులు (డేటా రాసే వరసలు) పక్కపక్కనే విడివిడిగా ఉండే సీఎంఆర్ డిస్కే అడగండి. ఎస్‌ఎంఆర్ అనే రెండో రకంలో ట్రాకులు ఇంటి పెంకుల్లా ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి. ఒకచోట మారిస్తే పక్కవీ తిరగరాయాలి, అందుకే నిండేకొద్దీ రాయడం బాగా నెమ్మదిస్తుంది. వెస్టర్న్ డిజిటల్ కంపెనీ "రెడ్" పేరుతో అమ్మే కొన్ని డిస్కుల్లో చెప్పకుండా ఎస్‌ఎంఆర్ పెట్టిందని 2020లో బయటపడి పెద్ద గొడవైంది. ఆ తర్వాతే సీఎంఆర్ వాటిని రెడ్ ప్లస్ పేరుతో అమ్ముతున్నారు. రెడ్ ప్లస్ గానీ సీగేట్ ఐరన్‌వుల్ఫ్ గానీ తీసుకోండి.

ఓరుగల్లు_స్టూడియో
లేబుల్ మీద 5400 అని ఉంటే నమ్మేయడమేనా? "5400 క్లాస్" అని అమ్మిన వాటిలో కొన్ని నిజానికి 7200తో తిరుగుతున్నాయని అదే 2020లో జనం మైకు పెట్టి, శబ్దం కొలిచి మరీ పట్టుకున్నారు. ఇక నమ్మకమా? నా దగ్గర పోయింది కూడా పేరున్న కంపెనీదే. వారంటీలో కొత్త డిస్క్ ఇచ్చారు. పోయినదాంట్లో ఉన్న పెళ్లి వీడియో ఎవరిస్తారు? ఆ కంపెనీ సరుకు మళ్లీ ముట్టుకోను.

నల్లకుంట_79
కంపెనీని బట్టి ఏదీ తేలదు, మోడల్‌ని బట్టి చూడాలి. బ్యాక్‌బ్లేజ్ అనే ఆన్‌లైన్ బ్యాకప్ కంపెనీ వాళ్లు తమ దగ్గర ఏ మోడల్ ఎన్ని పోతున్నాయో 2013 నుంచి లెక్కలు బయటపెడుతున్నారు. సీగేట్ 3 టీబీ మోడల్ ఒకటి ఘోరంగా పోయింది. 2016లో అమెరికాలో కేసు కూడా పడింది. అదే కంపెనీ 4 టీబీ మోడల్ అదే లెక్కల్లో చాలా నయం.

ఓరుగల్లు_స్టూడియో
వాళ్లవి ఏసీ గదులు. మా షాపులో ఎండాకాలం ఎలా ఉంటుందో, కరెంటు ఎన్నిసార్లు పోయి వస్తుందో ఆ లెక్కల్లో ఉండదు. 7200ని 5400 అని అమ్మిన సంగతికి మీరింకా జవాబు చెప్పలేదు.

నల్లకుంట_79
పట్టుకున్న కొమ్మ వదలరా? గూగుల్ వాళ్లు లక్షకు పైగా డిస్కులు పరిశీలించి 2007లో రాశారు. వేడికీ డిస్కులు పోవడానికీ అందరూ అనుకున్నంత సంబంధం కనబడలేదు. అంతకన్నా ముఖ్యమైనది, పోయిన డిస్కుల్లో సగానికి పైగా వాటిలో డిస్క్ తనంతట తానే ఇచ్చే ప్రధానమైన స్మార్ట్ హెచ్చరికలేవీ రాలేదు. చెప్పకుండా పోతాయి. అది తెలిసీ పార్టీ పెళ్లిని ఒకే డిస్క్‌లో ఉంచారు. పోగొట్టింది డిస్క్ కాదు, మీరు.

బెజవాడ_బైట్
అన్నా, కాస్త మెల్లగా.

ఓరుగల్లు_స్టూడియో
మాట జాగ్రత్త. 4కెలో ఒక పెళ్లి తీస్తే వందల జీబీ అవుతుంది. ముహూర్తాల నెలలో పెళ్లి మీద పెళ్లి. డ్రోన్ అతనికి, లైట్ల కుర్రాళ్లకి, ఎడిటర్‌కి ఇచ్చాక ఏం మిగులుతుందో మీకు తెలుసా? ప్రతి డిస్క్‌కీ జంట కొనమంటారు. రెండు కొనగలిగినవాళ్లు "నమ్మకమైనది ఏది" అని ఇంతగా అడగరు. ఒక్కటే కొనగలిగినవాళ్లు అడుగుతారు. తంబుర గారు అడిగిందీ అదే. వాళ్లకి చెప్పడానికి మీ దగ్గర ఏమీ లేదు.

నల్లకుంట_79
ఉంది, మీకు నచ్చదు. ఒక్కటే కొనగలిగితే పెద్దదొకటి వద్దు, చిన్నవి రెండు కొనండి. ఏది దాచాలో ఏరుకోండి. నమ్మకం ఒక డిస్క్‌లో కొనుక్కునే వస్తువు కాదు.

గోదారి_గట్టు
ఒక లెక్క చెప్పనివ్వండి. సీడీ నాణ్యతలో స్టీరియో వేవ్ ఫైలు గంటకు సుమారు 635 ఎంబీ. వంద గంటల హరికథలు 64 జీబీలో పడతాయి. ఫ్లాక్ అనే ఫైలు రకంలోకి మారిస్తే నాణ్యత పోకుండానే ఇంకా తగ్గుతాయి. మళ్లీ సంపాదించలేనివి అవే కదా తంబుర గారూ? కొత్త డిస్క్ ఒక్కటే కొనండి. పాతదాన్ని యూఎస్‌బీ కేసులో వేసి, అవసరం లేనివి తీసేసి, హరికథలు, ముఖ్యమైన ఫోటోలు అందులోనూ పెట్టండి. కాపీ చేసేటప్పుడే తగిలించండి, మిగతా రోజుల్లో దాని గరగర ఉండదు. ఇంకో కాపీ వేరే ఊళ్లో ఉంటే మరీ మంచిది.

తెనాలి_తంబుర
అన్నయ్య చెన్నైలో ఉన్నాడు, పెన్‌డ్రైవ్‌లో పంపిస్తాను. ఖర్చు ఇంత తక్కువలో అవుతుందనుకోలేదు. కొత్త డిస్క్ శబ్దం తగ్గించడానికి ఇంకేమైనా చేయాలా?

నల్లకుంట_79
క్యాబినెట్‌లో స్క్రూల దగ్గర రబ్బరు వాషర్లు వేయించండి. సగం శబ్దం డిస్క్‌ది కాదు, రేకు అదిరేది. కంప్యూటర్ వాడనప్పుడు డిస్క్ ఆగిపోయేలా సెట్టింగ్ పెట్టుకోండి. కొనగానే అది ఎన్ని గంటలు నడిచిందో చూడండి. వాడేసిన సీగేట్ ఎక్సోస్ (సర్వర్లలో వాడే రకం) డిస్కుల్లో ఆ గంటలు చెరిపేసి కొత్తవిగా అమ్ముతున్నారని 2025లో బయటపడింది. సీగేట్‌దైతే ఫార్మ్ లాగ్ (డిస్క్ లోపలే ఉండే కంపెనీ రికార్డు) కూడా చూడాలి, అసలు గంటలు చాలావరకు అక్కడ దొరుకుతాయి.

ఓరుగల్లు_స్టూడియో
ఆవిడకు దారి దొరికింది, సంతోషం. నా వందల జీబీల సంగతి?

నల్లకుంట_79
రెండో డిస్క్ ఖర్చు కొటేషన్‌లో వేయండి.

ఓరుగల్లు_స్టూడియో
వేసి చూశాను. పక్క వీధి స్టూడియో ఆ ఖర్చు తీసేసి తక్కువకు ఒప్పుకుంది, పార్టీ అటు వెళ్లింది.

గోదారి_గట్టు
ఆల్బమ్ ఇచ్చే రోజు ఫుటేజ్ మొత్తం పార్టీ తెచ్చుకున్న డిస్క్‌లో వేసి సంతకం తీసుకోండి. అక్కడితో రెండో కాపీ వాళ్ల దగ్గరుంటుంది.

ఓరుగల్లు_స్టూడియో
అది చేస్తాను. కానీ ఆల్బమ్ ఇచ్చేలోపు, ఎడిటింగ్ నడుస్తున్న నెలల్లో పోతే? నాది పోయింది అప్పుడే.