క్యాట్6 వైర్ లాగించాం, చివర్లకు ఏ కనెక్టర్ పెట్టించాలి?

నిజాంపేట ఫ్లాట్:
ఇంటీరియర్ పనులు నడుస్తున్నాయి. టీవీ యూనిట్ దగ్గర నుంచి మూడు బెడ్‌రూములకు గోడ పైపుల్లోంచి ఇంటర్నెట్ కోసం క్యాట్6 వైర్ లాగించాం. చివర్లకు ఎలక్ట్రీషియన్ ఆర్‌జే45 ప్లగ్గులు (నెట్ వైర్ చివర ఉండేవి) క్రింప్ చేసి, అంటే నొక్కి బిగించి, వెళ్లాడు. రెండు గదుల్లో బాగుంది. పిల్లల గదిలో మాత్రం స్పీడ్ 100 ఎంబీపీఎస్ దాటట్లేదు, మా ప్లాన్ 300. వైర్ కదిలిస్తే నెట్ పోతోంది. కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే పాస్‌త్రూ, షీల్డెడ్, క్యాట్7 అంటూ రకరకాలు చూపించారు. వచ్చే వారం పెయింటింగ్. మళ్లీ గోడ పగలగొట్టాలేమోనని టెన్షన్‌గా ఉంది. ఏది కొనమంటారు?

కూకట్‌పల్లి నుంచి:
పాస్‌త్రూ తీసుకోండి. తీగలు ముందు నుంచి బయటికొస్తాయి కాబట్టి రంగుల వరుస సరిచూసుకుని క్రింప్ చేయొచ్చు. మా ఇంట్లో అన్నీ అవే.

కేబులింగ్ పని:
గోడ జోలికి వెళ్లక్కర్లేదండి. మాదాపూర్ వైపు ఆఫీసుల్లో నేను చేసే పని ఇదే. 100 ఎంబీపీఎస్‌కు ఆరెంజ్, గ్రీన్ తీగల జతలు చాలు. అది దాటాలంటే గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) లింక్ కావాలి, దానికి నాలుగు జతలూ కావాలి. అంటే మీకు బ్లూలోనో బ్రౌన్‌లోనో ఒక తీగ పిన్నుకు సరిగ్గా తగలడం లేదు. రెండు వైపుల ప్లగ్గులూ వెలుతురులో పట్టుకుని ముందు నుంచి చూడండి. ఎనిమిది రాగి కొసలూ చివరిదాకా వచ్చి మెరుస్తుండాలి. వెనక కేబుల్ పైతొడుగు ప్లగ్గు లోపలికి వెళ్లి నొక్కు కింద బిగిసి ఉండాలి. చాలామంది ఆ తొడుగును బయటే వదిలేస్తారు, అప్పుడు లాగిన బరువంతా సన్నటి తీగల మీదే పడుతుంది.

గోడలో వేసేది సాలిడ్ వైర్, ఒక్కో తీగా ఒకే రాగి కడ్డీ. ప్యాచ్ కార్డుల్లో (గోడ నుంచి పరికరానికి పెట్టే పొట్టి వైర్లు) ఉండేది సన్న పోగుల వైర్. పోగుల వైర్ కోసం చేసిన ప్లగ్గు పిన్ను పోగుల మధ్యకు గుచ్చుకుంటుంది. సాలిడ్‌లోకి అలా దిగలేక పక్కకు జారుతుంది. మొదటి రోజు టెస్టర్‌లో అన్ని లైట్లూ వెలిగినా, తర్వాత కదిపితే నెట్ పోతుంది. సాలిడ్‌కు పనికొచ్చే ప్లగ్గులో మూడు పళ్లు ఉంటాయి, తీగను అటూ ఇటూ పట్టుకుంటాయి. ఇంకోటి, క్యాట్6 తీగ సాధారణంగా 23 గేజ్, దాని ముందు రకం క్యాట్5ఈ 24. గేజ్ అంకె తగ్గితే తీగ లావు. క్యాట్5ఈ ప్లగ్గు రంధ్రంలో లావు తీగ ఇరుక్కుపోయి చివరిదాకా వెళ్లదు.

నన్నడిగితే గోడ వైపు అసలు ప్లగ్గే వద్దు. జాక్, అంటే ప్లగ్గు దూర్చే సాకెట్, పెట్టించండి. మీ స్విచ్‌బోర్డు మాడ్యులర్ అయితే అదే కంపెనీ ఆర్‌జే45 మాడ్యూల్ అడగండి. కరెంటు బాక్సులో కాకుండా వేరే బాక్సులో పెట్టించండి. పంచ్ టూల్‌తో తీగను జాక్ గాడిలోకి దించాలి, జతల మెలికలు 13 మిల్లీమీటర్లకు మించి విప్పకూడదు. రెండు చివర్లా ఒకే రంగుల వరుస, టీ568ఏ అయినా సరే టీ568బీ అయినా సరే. అక్కడి నుంచి పరికరానికి రెడీమేడ్ ప్యాచ్ కార్డ్. కదిలేది, వంగేది అదే, గోడలో వైర్ కదలదు.

మీ వైర్‌లో తీగల చుట్టూ రేకు (షీల్డ్) లేకపోతే షీల్డెడ్ ప్లగ్గుకు డబ్బులు దండగ. క్యాట్7 ప్రమాణంలో కనెక్టరే వేరు, ఆర్‌జే45 మీద ఆ పేరు వేసి అమ్మితే నమ్మకండి. పాస్‌త్రూ మంచిదే, కానీ దానికి కొసలు కోసే బ్లేడున్న క్రింపర్ ఉండాలి. కోత శుభ్రంగా లేకపోతే పక్క పక్క కొసలు తగులుకుంటాయి.

ముందు ఒక తీగను బ్లేడుతో గీరండి. లోపల తెల్లగా కనబడితే అది రాగి పూత పూసిన అల్యూమినియం. అప్పుడు పైపులోంచి వైరే మార్చాలి, ఏ కనెక్టరూ కాపాడదు. పెయింటింగ్‌కు ముందే చూడమనేది అందుకే.

నిజాంపేట ఫ్లాట్:
గీరి చూశానండి, లోపల దాకా ఎర్రగానే ఉంది. పిల్లల గది ప్లగ్గులో బ్రౌన్ తీగ మధ్యలోనే ఆగిపోయింది, మీరు చెప్పినట్టే తొడుగు బయట ఉంది. ప్లగ్గు కోసేసి జాక్ పెట్టించడానికి వైర్ సరిపోతుందా? బాక్సులో జానెడు ఉంది.

కేబులింగ్ పని:
చాలు. మొదటిసారి సరిగ్గా కూర్చోకపోయినా ఇంకోసారి కోసి చేయొచ్చు. మిగిలిన ముక్కను కత్తిరించనివ్వకండి, వెడల్పుగా చుట్టి బాక్సులోనే ఉంచమనండి.