రోడ్స్ దీవికి అమ్మానాన్నలతో వెళ్లొచ్చా?

మ్యూనిక్_మావయ్య: సెప్టెంబర్‌లో అమ్మానాన్నలు మా దగ్గరికి వస్తున్నారు. షెంజెన్ వీసా ఉంది కదా, గ్రీస్‌లో ఓ దీవి చూపిద్దామని ఆలోచన. అందరూ శాంటోరిని అంటారు గానీ తెల్లగోడల ముందు ఫొటోల కోసం అంత డబ్బు పోయడానికి నాకు మనసొప్పట్లేదు. నాన్నకి కోటలంటే పిచ్చి, మా ఆవిడకి ఇసుక బీచ్ కావాలి, అమ్మకి మోకాళ్ల నొప్పులు, పైగా శాకాహారి. కారు లేకుండా రోడ్స్‌లో గడుస్తుందా?

కోటగుమ్మం: మీ నాన్నగారి కోసమే కట్టినట్టుంటుందండీ ఆ ఊరు. 1309 నుంచి 1522లో ఒట్టోమన్ సుల్తాన్ సులేమాన్ సైన్యం ముట్టడించేదాకా నైట్లు, అంటే క్రైస్తవ మత యోధులు ఏలిన పాత నగరం, చుట్టూ ప్రాకారం, లోపల ఇంకా జనం కాపురాలుంటున్నారు. ఆ నైట్ల అధిపతి ఉన్న గ్రాండ్ మాస్టర్ ప్యాలెస్ మాత్రం చూసి మోసపోకండి, 1856లో మందుగుండు పేలి చాలావరకు కూలిపోతే 1930లలో ఇటాలియన్లు తిరిగి కట్టారు, నేల మీది మొజాయిక్‌లు కూడా కోస్ దీవి నుంచి తెచ్చి పరిచినవే. అయినా బాగుంటుంది. ప్రాచీన ప్రపంచపు ఏడు వింతల్లో ఒకటైన కొలోసస్ అనే భారీ విగ్రహం ఎక్కడని వెతక్కండి, క్రీ.పూ. 226 ప్రాంతంలో భూకంపానికే పడిపోయింది, రేవుకి అటూ ఇటూ కాళ్లు చాపి నిలబడిందన్నది కట్టుకథ.

గులకరాయి: అంతా బాగుంది గానీ అమ్మగారి మోకాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదే! పాత నగరం వీధులన్నీ గుండ్రటి గులకరాళ్లు నిలువుగా పరిచినవి, మెత్తటి చెప్పుతో నడిస్తే అరికాళ్లు మండిపోతాయి. మందపాటి అడుగున్న బూట్లు తప్పనిసరి. హోటల్ గోడ బయట, మండ్రాకి రేవు దగ్గర తీసుకోండి. బస్సులు అక్కడే దొరుకుతాయి, కొండ మీద కోట ఉన్న లిండోస్‌కీ, బీచ్ ఊరు ఫలిరాకికీ హాయిగా వెళ్లిరావచ్చు, కారు అక్కర్లేదు. ఇసుకా ప్రశాంతమైన నీళ్లూ కావాలంటే తూర్పు తీరం, అక్కడి త్సాంబికా బీచ్ మరీ బాగుంటుంది. పడమటి వైపు గాలి, రాళ్లు.

మ్యూనిక్_మావయ్య: లిండోస్ కొండ అమ్మ ఎక్కగలదా?

గులకరాయి: కష్టమండీ. గాడిదల మీద ఎక్కిస్తారు గానీ కోటగుమ్మం దాకానే, తర్వాత మెట్లు తప్పవు. ఎండలో ఆ జంతువుల అవస్థ చూస్తే నాకైతే ఎక్కబుద్ధి కాలేదు. నాన్నగారిని పొద్దున్నే పైకి పంపండి, మెట్ల మొదట్లో రాతిలో చెక్కిన ఓడ వెనకభాగం ఉంటుంది, అది చూసే పైకెళ్లమనండి, అథీనా గుడి దగ్గరికొచ్చేసరికి కింద సెయింట్ పాల్ బే మొత్తం కనిపిస్తుంది. అమ్మగారూ మీ ఆవిడా ఈలోగా కింద బీచ్‌లో కూర్చోవచ్చు.

పప్పన్నం: తిండికి బెంగ వద్దు. ఫావా అడగండి, మన ముద్దపప్పే, పైన ఉల్లిపాయా ఆలివ్ నూనే వేసిస్తారు. టమాటాల్లో బియ్యం కూరి వండే గెమిస్తాలో మాత్రం ఒక్కోచోట ఖీమా కలుపుతారు, ఆర్డర్ ఇచ్చేముందే అడగండి. పచ్చడి సీసా ఒకటి బ్యాగులో పెట్టుకోండి.