బగ్గీకి అలవాటైన గుర్రాల జత: కొనేముందు ఏం చూడాలె?

ఇందూరు_బగ్గీ:
అన్నలూ, మాది నిజామాబాద్. పెళ్ళిళ్ళ డెకరేషన్ పని. బగ్గీ తయారైంది, గుర్రాలే లేవు. బండికి అలవాటైన తెల్ల జత కావాలె. గుర్రాల సంతకు నాందేడ్ దిక్కు మాలేగావ్ ఖండోబా జాతరకు పోవాల్నా, మహారాష్ట్రలనే ఇంకా దూరమున్న సారంగ్‌ఖేడా దాకా పోవాల్నా? ఆడదా, అఖ్తానా (విత్తులు తీసిన మగదా)? జతగనే కొనాల్నా, వేర్వేరుగ కొని కలపొచ్చా? లారీల తెచ్చేటందుకు కాయితాలు ఏం గావాలె?

పాతబస్తీ_సవారీ:
తెల్లదంటే ఏ తెల్లది భాయ్? నుక్రానా, సబ్జానా? నుక్రా పుట్టుకతోనే తెల్లగుంటది, తోలు కూడ గులాబీ. సబ్జా నల్లగనో బూడిదరంగుతోనో పుడతది, ఏండ్లు గడుస్తుంటే తెల్లబడతది, మూతి కాడ తోలు నల్లగనే ఉంటది. పెళ్ళోళ్ళకు నుక్రానే పిచ్చి, అందుకే దాని ధర ఎక్కువ. ఎండాకాలం దాని మూతి, కండ్ల సుట్టు కాలి పుండ్లు పడతయి, ఆ మందుల ఖర్చు మాత్రం దళారీ చెప్పడు.
ఇంకో మాట. బరాత్‌ల ఆడే గుర్రాన్ని బండికి కట్టకు. డప్పు వినంగనే ముందుకాళ్ళు లేపుడు నేర్పిండ్రు దానికి. బగ్గీల పెళ్ళికొడుకు కూసున్నంక అది ఆడితే ఏమైతదో నువ్వే సోచాయించు.

మైదుకూరు_తోట:
నా దగ్గర ఒక ఆడగుర్రం ఉండాది. బండి తోలేది రాని పిల్లోడు పగ్గాలు పట్టుకున్నా దారి తప్పదు. లారీవోడు చెవి దగ్గర హారన్ కొట్టినా కదలదు. లాడాలు కొట్టేటప్పుడు కాలు దానంతట అదే ఇస్తాది. అయినా అమ్ముడుపోదు. వచ్చినోళ్ళంతా బండెక్కి తిరిగి, భలే ఉందబ్బా అని, దిగినాక కంటి కింద సుడి చూసి ఎనక్కి పోతాండారు. డీజిల్ ఖర్చు పెట్టుకొని వచ్చేముందే ఫోటోలో చూసుకోకూడదా?

తణుకు_జట్కా:
కంటి కింద సుడి అంటే కన్నీటి సుడే కదండీ. పెద్దోళ్ళు ఊరికే అన్లేదండి. మా తాతగారు జట్కా కట్టిన రోజుల్లో సుడి చూడకుండా గుర్రం మీద చెయ్యి కూడా వేసేవారు కాదు. మెడ దగ్గర దేవమణి అనే మంచి సుడి ఉంటే కళ్ళు మూసుకుని కొనెయ్యడమే. నకులుడి పేరు మీదున్న అశ్వశాస్త్రంలోనే ఆవర్తాల గురించి, అంటే ఈ సుడుల గురించే, రాసేరండి, ఇది ఇవాళ పుట్టిన మాట కాదు.

పశువైద్యం_పాతకాపు:
సర్వీసంతా గుర్రాల మధ్యే గడిపినవాణ్ణి, కాబట్టి కాస్త వినండి. సుడి అంటే వెంట్రుకలు తిరిగిన తీరు, అంతకు మించి ఏమీ లేదు. చూడవలసింది కాళ్ళు. గట్టి నేల మీద ఊరికే నడిపించి వదిలెయ్యకండి, దుడుకు నడకలో (ట్రాట్) పరుగెత్తించండి. ముందుకాలు నేల తాకినప్పుడల్లా తల పైకి లేస్తుంటే ఆ కాల్లో నొప్పి ఉన్నట్టు. తరువాత పళ్ళు. కింది పళ్ళ మీది గుంటలు నడిమి జతలో ఆరేళ్ళకు, పక్క జతలో ఏడుకు, చివరి జతలో ఎనిమిదికి మాసిపోతాయి. దళారులు కాల్చిన ఇనుముతో కొత్త గుంటలు పెట్టి ముసలిదాన్ని పడుచుది చేస్తారు. అందుకని పై దవడ చివరి పన్ను చూడండి. చిగురు దగ్గర నిలువు గాడి మొదలైందంటే పదేళ్ళు నిండినట్టే.

తణుకు_జట్కా:
చదువుకున్నోళ్ళకి ప్రతీదీ మూఢనమ్మకమేనండి. మా ఊళ్ళో కన్నీటి సుడి గుర్రం కొన్నాయన ఆ ఏడే ఆస్తంతా పోగొట్టుకున్నాడు.

మైదుకూరు_తోట:
పేకాటలో పోగొట్టుకున్నాడేమో కనుక్కో సామీ. దేవమణి ఉందని ఎగబడి కొన్న మా పక్కూరాయన బండితో సహా కాలవలో పడినాడు. గుర్రానికేం కాలేదు, ఈదుకుంటా గట్టెక్కింది. దేవమణి దానికి పనిచేసినట్టుంది, ఆయనకి కాదు.

తణుకు_జట్కా:
పెద్దల్ని ఎగతాళి చెయ్యడం తేలికేనండి. మీ సరుకు అమ్ముడుపోక మా మీద పడతారేంటి?

మైదుకూరు_తోట:
సరుకు అనొద్దు. దానికి పేరుండాది.

ఫిలడెల్ఫియా_తెలుగువాడు:
మా దగ్గర లాంకాస్టర్ కౌంటీలో ఆమిష్ వాళ్ళకి ఇప్పటికీ గుర్రబ్బండే కారు. బండిపందేల నుంచి రిటైరైన స్టాండర్డ్‌బ్రెడ్ జాతి గుర్రాలను వేలంలో కొని రోడ్డుకు అలవాటు చేస్తారు. సుడి గురించి అడిగేవాళ్ళు నాకు కనపడలేదు. స్టాప్ సైన్ దగ్గర, పక్కనే ట్రక్కు పోతున్నా, కదలకుండా నిలబడుతుందా అన్నదే వాళ్ళ ప్రశ్న. లాగడం ఏ గుర్రమైనా నేర్చుకుంటుంది, నిలబడడమే కష్టం.

పాతబస్తీ_సవారీ:
అమెరికా ముచ్చట్లు తర్వాత భాయ్, ఇందూరుకు తెచ్చిస్తవా ఒక జత? కానీ నిలబడే మాట మాత్రం సహీ. మండపం ముంగట ఫోటోలోడు గంట నిలబెడతడు.

మలక్‌పేట_టిప్స్:
రేసుల నుంచి తీసేసిన గుర్రాలు చవకగా దొరుకుతాయి కదా, వాటిని కట్టొచ్చుగా? ఎత్తు, అందం రెండూ ఉంటాయి.

పాతబస్తీ_సవారీ:
వద్దు! చిన్నప్పటి సంది దానికి ఒక్కటే నేర్పిండ్రు, ముంగటున్నదాన్ని దాటుమని. ఎనక చక్రం చప్పుడైతుంటే అది ఆగుతదా? సన్నటి కాళ్ళు, తారు రోడ్డు మీద ఎన్ని దినాలు నిలుస్తయి? మార్వాడీ, కాఠియావాడీ జాతులు చూడు, లేకుంటే భీమ్‌తడీ పోనీ (పొట్టి జాతి). చిన్నదే గానీ గట్టిది.

మూగజీవి:
ఇంకా ఈ కాలంలో గుర్రాల చేత బళ్ళు లాగించడమేంటి? ముంబైలో సరదా షికార్ల విక్టోరియా గుర్రబ్బళ్ళు చట్టవిరుద్ధమని 2015లోనే హైకోర్టు చెప్పింది. ఆ తర్వాత అక్కడ బ్యాటరీ బగ్గీలు తెచ్చారు. మీరూ అవే పెట్టుకోండి.

పాతబస్తీ_సవారీ:
అమ్మా, బండి పని లేకుంటే వీటికి ఉలవలు ఎవడు పెడతడు? నువ్వు పెడతవా?

పశువైద్యం_పాతకాపు:
కొట్లాడకండి. చట్టం బండి కట్టడాన్ని ఆపలేదు, హద్దు పెట్టింది. బండి లాగే పశువుల మీద 1965లో వచ్చిన నిబంధనల ప్రకారం రోజుకు తొమ్మిది గంటలకు మించకూడదు, ఏకధాటిగా ఐదు గంటలు దాటకూడదు. 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా కట్టనే కూడదు. మే నెలలో నిజామాబాద్‌లో మధ్యాహ్నపు ఊరేగింపు ఒప్పుకున్నారంటే తప్పు మీదే.

ఇందూరు_బగ్గీ:
అందరు మంచిగ కొట్లాడుకుంటున్నరు గానీ జత సంగతి ఎవ్వరు చెప్పలె.

పాతబస్తీ_సవారీ:
చెప్తున్న విను. ఎత్తు కలిస్తే సాలదు, అడుగు కలవాలె. ఒకటి పొడుగు అడుగేస్తే, ఇంకోటి ఉరుకుతనే ఉంటది, మైలు దూరంల అలసిపోతది. కుడిదిక్కు కట్టిందాన్ని ఎడమకు మారిస్తే కొన్ని మొండికేస్తయి, అందుకే ఏది ఏ దిక్కో అడిగి రాసుకో. కట్టి తయారుగ పెట్టిన బండెక్కకు. తబేలాకెళ్ళి తెచ్చి నీ కండ్ల ముంగట కట్టుమను. అప్పటికే ఒళ్ళు చెమటతో ఉంటే పొద్దుగాల్నే ఉరికిచ్చి అలసగొట్టినట్టు. ఎనక్కి నడిపించి చూడు, సగం గుర్రాల లోపం గక్కడనే బయటపడతది.

పశువైద్యం_పాతకాపు:
తల వేలాడేసి, కింది పెదవి జారిపోయి, మరీ సాధువులా ఉంటే మత్తు సూది పడిందేమో చూసుకోండి. మరునాడు మళ్ళీ వెళ్ళి చూడండి. కాగితాల్లో ముఖ్యమైనది గ్లాండర్స్ అనే అంటురోగం పరీక్ష. అది మనుషులకూ సోకుతుంది, గుర్రానికి ఉందని తేలితే చంపడమే తప్ప వైద్యం చెయ్యనివ్వరు. హిసార్ జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో నిర్ధారణ చేస్తారు. లారీకి డాక్టరిచ్చే ఆరోగ్య ధ్రువపత్రం వేరు, రెండూ ఉండాలి.

తణుకు_జట్కా:
ఇన్ని చూస్తారు గానీ సుడి ఒక్కటి చూడకూడదా అండి?

ఇందూరు_బగ్గీ:
మైదుకూరు అన్నా, మీ గుర్రం ఎత్తెంత? రంగేంది?

మైదుకూరు_తోట:
యాభై ఎనిమిది అంగుళాలు, కుమ్మైతు (ఎర్రగోధుమ ఒళ్ళు, నల్ల జూలు). ఒంటి బండికే అలవాటు, జతలో ఎప్పుడూ కట్టలే. ముందే చెప్తాండా.

ఇందూరు_బగ్గీ:
తెల్లది గావాలె అన్నా, ఏమనుకోకు. పెళ్ళోళ్ళు ఒప్పుకోరు.

మైదుకూరు_తోట:
పర్లేదబ్బా. సుడి వల్ల వద్దనలే, నాకదే చాలు.