తొమ్మిదో తరగతి బీజగణితం, నిరూపక జ్యామితి: ఇంట్లో సాధన ఎలా చేయిస్తున్నారు?

ఏలూరు అమ్మ
మా అబ్బాయి తొమ్మిదికి వచ్చాడు. ఎనిమిది వరకు లెక్కల్లో ఫరవాలేదు. ఇప్పుడు బహుపదులు, రెండు చరరాశుల సమీకరణాలు అనగానే పుస్తకం మూసేస్తున్నాడు. దసరా సెలవుల్లో దారిలో పెట్టాలని ఉంది. ముందు బీజగణితం గట్టిపరచాలా, నిరూపక జ్యామితి కూడా పక్కనే నడిపించాలా? పాఠ్యపుస్తకం సరిపోతుందా, గైడు కొనాలా? రోజుకు ఎన్ని లెక్కలు చేయించాలి? అన్నిటికన్నా ముఖ్యంగా, వెనక జవాబు చూసి దానికి తగ్గట్టు మెట్లు అల్లేస్తున్నాడు. దీన్ని మాన్పించడం ఎలా?

హనుమకొండ నాన్న
గైడు సంగతి తర్వాత చూద్దామండీ, ముందు వాడి నోటుపుస్తకంలో గుర్తులు చూడండి. మా అమ్మాయి పది చదువుతోంది. దూర సూత్రం, అంటే రెండు బిందువుల మధ్య దూరం కనుక్కునే సూత్రం, రావడం లేదని ట్యూషన్‌లో చెబితే నమ్మాను. తీరా కూర్చోబెట్టి అడిగితే సూత్రం కంఠతా ఉంది. మైనస్ 4 లోంచి మైనస్ 7 తీసేయమంటే మైనస్ 11 వేస్తోంది! రావలసింది 3. పైగా వర్గం చేయగానే రుణ గుర్తు మాయమవుతుంది కనుక 121 అని చూడటానికి మర్యాదగానే కనిపిస్తుంది, తప్పు ఎక్కడా పట్టుబడదు. నిరూపక జ్యామితి రాదని మనం అనుకునేదాంట్లో చాలా భాగం ఆరో తరగతిలో వదిలేసిన పూర్ణసంఖ్యల బాకీయే.

శ్రీ గణిత ట్యూషన్
ఏళ్ల తరబడి పదో తరగతికి చెబుతున్నాను. నా దగ్గర చదివినవాళ్లలో లెక్కల్లో తప్పినవాళ్లు లేరు, కావాలంటే వచ్చి రిజిస్టరు చూసుకోవచ్చు. బీజగణితానికి ఒకటే మంత్రం: సమానం గుర్తు దాటితే గుర్తు మారుతుంది. కూడిక అటు వెళితే తీసివేత, గుణకారం అటు వెళితే భాగహారం. ఎందుకు, ఏమిటి అని పిల్లల్ని ఆలోచింపజేస్తూ కూర్చుంటే సిలబస్ సంక్రాంతికి కూడా కాదు. చేతికి అలవాటు కావాలి, అంతే.

ఉన్నత పాఠశాల టీచర్
ఆ మంత్రమే పిల్లల్ని ముంచుతోంది సార్. మీ దగ్గరి నుంచి వచ్చిన పిల్లలకు మైనస్ 3 ఎక్స్ = 12 ఇచ్చి చూడండి. 12ను 3తో భాగించి ఎక్స్ = 4 అని రాస్తారు. మైనస్ ఎక్కడికి పోయిందమ్మా అంటే, "అటు వెళ్లింది కదా టీచర్, గుర్తు మార్చాను" అంటారు. మీరు చెప్పినట్టే చేశారు! రెండు వైపులా మైనస్ 3తో భాగించాలి అని నేర్చుకున్న పిల్లవాడు ఈ తప్పు చేయడు, మైనస్ 4 వేస్తాడు. సమీకరణం త్రాసు లాంటిది. ఒక పళ్లెంలో ఏం చేస్తే రెండో పళ్లెంలోనూ అదే చేయాలి. ఏదీ ఎటూ దాటదు, ఎగరదు.

శ్రీ గణిత ట్యూషన్
మంత్రం సగమే విన్న పిల్లవాడి తప్పు మంత్రానిదా? గుణకం దాటితే భాగహారం అవుతుందన్నాను. గుణకానికి కూడా గుర్తు మార్చమని ఎక్కడ అన్నాను?

ఉన్నత పాఠశాల టీచర్
మీ మొదటి వాక్యంలోనే అన్నారు, పైకెళ్లి చదువుకోండి. "సమానం గుర్తు దాటితే గుర్తు మారుతుంది." పదమూడేళ్ల పిల్లలకు గుర్తుండేది ఆ ఒక్క ముక్కే. మిగతా వివరణ మీ నోటితోనే ఆగిపోతుంది.

డల్లాస్ బాబాయి
ఇక్కడ మా పిల్లలు మిడిల్ స్కూల్లోనే సరళరేఖ వాలు, వై = ఎమ్ ఎక్స్ + బి మొదలుపెడతారు. మన దగ్గర అదే స్థిరపదానికి సి అని రాసేవాళ్లం. దేశం ఏదైనా మా వాడు చేసే తప్పు కూడా మైనస్ దగ్గరే. కాకపోతే ఇక్కడ కాలిక్యులేటర్ చేతికిచ్చేస్తారు, దాంతో ఆ తప్పు ఇంకా నీటుగా కనిపిస్తుంది.

విశ్రాంత లెక్కల మాస్టారు
ఇద్దరూ కాస్త ఆగండి. పక్షాంతరం, అంటే పదాన్ని సమానం గుర్తుకు అటు పక్కకు మార్చడం, నేటి ట్యూషన్ మాస్టర్లు కనిపెట్టిన అడ్డదారి కాదు. 9వ శతాబ్దంలో బాగ్దాదులో అల్-ఖ్వారిజ్మీ సమీకరణాలు సాధించిన తీరులో మొదటి మెట్టే అది. ఒక పక్క తీసివేతలో ఉన్న పదం రెండో పక్కకు కూడికగా చేరుతుంది. పన్నెండు వందల ఏళ్లుగా పనిచేస్తున్న పద్ధతిని ఇవాళ తప్పంటే ఎలా? మా రోజుల్లో నల్లబల్ల మీద ఒక్కసారి చూపిస్తే పిల్లలు వల్లె వేసేవారు, పదోతరగతి దాటేవారు.

ఉన్నత పాఠశాల టీచర్
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను. అల్-ఖ్వారిజ్మీ చేసింది లోటును రెండు వైపులా సమంగా పూడ్చడం. ఆయన మెట్టు నా పద్ధతికే సాక్ష్యం. పక్షాంతరం తప్పని నేనూ అనడం లేదు. త్రాసుతో చాలాకాలం చేశాక పిల్లవాడు తనంతట తానే మధ్య మెట్టు వదిలేస్తాడు. ఆ వదిలేయడమే పక్షాంతరం. ముందే వదిలేయించడం గురించి నా గొడవ.

శ్రీ గణిత ట్యూషన్
బడిలో మీరు త్రాసు తూచి పంపిస్తే, మార్చి వచ్చేసరికి మా దగ్గరకు పరిగెత్తుకొచ్చేదీ ఆ పిల్లలే. ఆ మాట కూడా రాయండి.

ఉన్నత పాఠశాల టీచర్
జూన్‌లోనే మీ దగ్గరకు వచ్చి, మార్చిలో కూడా మైనస్ దగ్గర ఆగిపోయేదీ వాళ్లే. అదీ రాశాను, చూసుకోండి.

బెజవాడ బస్సు
మీ పోట్లాట మధ్యలో ఒక సంతోషం చెప్పుకోనివ్వండి. మా వాడికి దూర సూత్రం అంటే విసుగు. ఫోనులో పటం తీసి మన ఊరి నుంచి వాళ్ల పెద్దమ్మ ఊరు ఎంత దూరమో లెక్కగట్టమన్నాను. హైదరాబాద్ 17.4, 78.5. విజయవాడ 16.5, 80.6. తేడాలు 0.9, 2.1. వర్గాలు 0.81, 4.41. కలిపితే 5.22, వర్గమూలం దాదాపు 2.28. డిగ్రీకి 111 కిలోమీటర్లని సాంఘిక శాస్త్రంలో చదివాడట, గుణిస్తే 253 చిల్లర వచ్చింది. రోడ్డు దూరం 270 పైనే కదా, "రోడ్డు వంకర తిరుగుతుంది నాన్నా, మనది కాకి దారి" అన్నాడు. ఇప్పుడు చుట్టాల ఊళ్లన్నిటికీ లెక్కలు వేస్తున్నాడు. గైడూ వద్దు, ట్యూషనూ వద్దు.

సర్వే విభాగం
క్షమించాలి, వృత్తిరీత్యా ఊరుకోలేకపోతున్నాను. మీ అబ్బాయి లెక్కలో రెండు దోషాలున్నాయి. ఒకటి, డిగ్రీకి 111 కిలోమీటర్లన్నది అక్షాంశాల మధ్య దూరం. రేఖాంశాల మధ్య దూరం భూమధ్యరేఖ దగ్గర మాత్రమే అంత ఉంటుంది, ఉత్తరానికి వచ్చేకొద్దీ తగ్గుతుంది. మన దగ్గర 106 వేసుకోవాలి. 0.9ని 111తో, 2.1ని 106తో విడివిడిగా గుణించి ఆ తర్వాత సూత్రం వాడితే 244 వస్తుంది. రెండోది, ఫోను ముందు అక్షాంశం చెబుతుంది. అది ఉత్తరదక్షిణం, అంటే వై నిరూపకం. పుస్తకంలో ఎక్స్ ముందు రావాలి. పిల్లవాడికి క్రమయుగ్మం తలకిందులుగా అలవాటవుతుంది.

బెజవాడ బస్సు
పది కిలోమీటర్ల కోసం కుర్రవాడి సరదా చంపమంటారా? ఉన్న నాలుగు అంకెల్నీ దశాంశం తర్వాత ఒక్క స్థానానికి కుదించాం, అక్కడే కొంత పోయింది. ఇక రెండు బిందువులకూ ఒకే వరుస పాటిస్తే, ఏది ముందు రాసినా దూరం మారదు. సూత్రంలో రెండు వర్గాల్ని కలుపుతున్నాం, అంతే కదా!

సర్వే విభాగం
దూరం మారదు. బిందువు స్థానం మారుతుంది. గ్రాఫ్ మీద గుర్తించమంటే (3, −2) నాలుగో పాదంలో, (−2, 3) రెండో పాదంలో పడతాయి. మార్కులు ఇచ్చేది దానికే.

నెల్లూరు పెద్దబ్బాయి
పాదాలకేం, చూసి చెప్పేయొచ్చు. పిల్లలు పడేది అక్షాల మీదే. (0, 4) ఏ అక్షం మీద ఉంది అంటే ఎక్స్ అక్షం అంటారు, ఎందుకంటే సున్నా ఎక్స్ స్థానంలో ఉంది కదా! ఎక్స్ = 0 అన్నది వై అక్షం సమీకరణం అని మా చెల్లికి ఎన్నిసార్లు చెప్పినా మర్నాటికి మళ్లీ మొదటికే వస్తుంది. చివరికి గ్రాఫ్ కాగితం ఇచ్చి ఎక్స్ సున్నా ఉన్న బిందువుల్ని తోచినన్ని పెట్టమన్నాను. అన్నీ నిట్టనిలువుగా ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అప్పుడు తనే "ఇది వై అక్షమే" అంది. ఆ తర్వాత మరచిపోలేదు.

కర్నూలు అత్తయ్య
ఫ్రెంచి గణితవేత్త డెకార్ట్ మంచం మీద పడుకుని పైకప్పు మీద ఈగను చూసి ఇదంతా కనిపెట్టాడని చెప్పండి, పిల్లలకు ఆసక్తిగా ఉంటుంది.

విశ్రాంత లెక్కల మాస్టారు
ఆ ఈగ కథకు ఆధారం లేదమ్మా. ఆయన జ్యామితి గ్రంథం 1637లో వచ్చింది. అందులో మనం ఇప్పుడు గీసే రెండు అక్షాలు, నాలుగు పాదాల బొమ్మ కనిపించదు. ఆ రూపం తర్వాతివాళ్లు దిద్దింది.

కర్నూలు అత్తయ్య
సరే మాస్టారూ, ఈగను తోలేశాను.

హనుమకొండ నాన్న
గ్రాఫ్ మాట వచ్చింది కనుక ఒకటి. పరీక్షలో గ్రాఫ్ ప్రశ్నకు మార్కులు ఎక్కువ, పిల్లలు వదిలేసేదీ అదే. రేఖ గీయడానికి రెండు బిందువులు చాలు అని నేర్పుతారు. చాలు, నిజమే. కానీ ఒకటి తప్పితే రేఖ మొత్తం తప్పుతుంది, తప్పిందన్న సంగతి కూడా తెలియదు. 2 ఎక్స్ + వై = 7 తీసుకోండి. ఎక్స్ = 0 అయితే వై 7. ఎక్స్ = −1 అయితే 9 రావాలి, మా అమ్మాయి 5 వేసింది. స్కేలు పెట్టి దర్జాగా గీసేసింది, రేఖ పైకి ఎక్కాల్సిన వైపు దిగుతోంది. ఎక్స్ = 2 తీసుకుని (2, 3) పెట్టమన్నాను. మూడు బిందువులూ ఒక గీతలో పడలేదు. తప్పు దానంతటదే దొరికింది. ఇప్పుడు మూడో బిందువు లేనిదే స్కేలు ముట్టనివ్వడం లేదు.

శ్రీ గణిత ట్యూషన్
ఇది మాత్రం బాగుంది. దీంతో పాటు స్కేలు ఎంత తీసుకున్నారో పై మూలన రాయించండి. 1 సెం.మీ. = 1 యూనిట్ అని రాయక మార్కు పోగొట్టుకునేవాళ్లు బోలెడుమంది.

ఒంగోలు
గైడు అడిగారు కనుక: అన్నయ్యలు, అక్కయ్యల పాతవి మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతికి 2024-25 నుంచి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వచ్చాయి. పాత పుస్తకంలో ఉన్న త్రిభుజ వైశాల్యం, సరళరేఖ వాలు నిరూపక జ్యామితి అధ్యాయంలో ఇప్పుడు లేవు. మా పక్కింటి పిల్ల పాత గైడు చూసి వైశాల్య సూత్రం మీద వారమంతా కుస్తీ పట్టింది.

హనుమకొండ నాన్న
తెలంగాణ పుస్తకంలో మేము ఆ రెండూ చదివిస్తున్నాం. కనుక ఏ రాష్ట్రమో చూసుకోకుండా అవతలివాళ్ల వీడియోలు చూపించకండి.

ఒంగోలు
వైశాల్యం నేర్చుకుంటే పోయేదేమీ లేదు లెండి, పరీక్ష ముందు వారం నేర్చుకుంటేనే పోయేది.

పది బి సెక్షన్
నమస్తే. నేను చదువుకునే అబ్బాయిని. తెలుగు కీబోర్డు మార్చడం కుదరక ఎక్స్ అనే రాస్తున్నాను. ఈ లెక్కలో తప్పు ఎక్కడుందో చెప్పండి. (5, 2), (−1, 4) బిందువులకు సమాన దూరంలో ఎక్స్ అక్షం మీద ఉన్న బిందువు కనుక్కోవాలి. బిందువు (ఎక్స్, 0) అనుకున్నాను. (ఎక్స్ − 5)² + 4 = (ఎక్స్ + 1)² + 16. విస్తరించి ఎక్స్² కొట్టేస్తే 29 − 10 ఎక్స్ = 17 + 2 ఎక్స్. ఇక్కడి నుంచి −10 ఎక్స్ + 2 ఎక్స్ = 17 − 29. అంటే −8 ఎక్స్ = −12, ఎక్స్ = 3/2. వెనక జవాబు (1, 0) ఇచ్చారు. పుస్తకం తప్పా?

శ్రీ గణిత ట్యూషన్
పుస్తకం ఒప్పే. 29 అటు వెళ్లినప్పుడు గుర్తు మార్చావు, 2 ఎక్స్ ఇటు వచ్చినప్పుడు మార్చలేదు. −12 ఎక్స్ = −12 రావాలి. అందుకే మంత్రం వల్లె వేయమనేది!

ఉన్నత పాఠశాల టీచర్
వల్లె వేశాడు కనుకే "అటు వెళ్తే" ఒక్కటే గుర్తుంది, "ఇటు వస్తే" గుర్తు లేదు. బాబూ, ఎవరి మంత్రమూ వద్దు. రెండు వైపులా 10 ఎక్స్ కలుపు. 29 = 17 + 12 ఎక్స్. రెండు వైపులా 17 తీసేయి. 12 = 12 ఎక్స్. రుణ సంఖ్య మొహం కూడా చూడనక్కర్లేదు. ఎక్స్ ఉన్న పదాల్లో తక్కువైనదాన్ని తొలగించుకుంటే మిగిలేది ధనమే.

ఇంకొకటి, ఏలూరు అమ్మగారికి కూడా పనికొస్తుంది. జవాబు చూసి మెట్లు అల్లడం మాన్పించాలంటే వెనక పేజీలు చింపనక్కర్లేదు, సరిచూడటం నేర్పండి. ఈ అబ్బాయి 3/2 వేసి రెండు దూరాల వర్గాలూ లెక్కిస్తే ఒకటి 16.25, ఇంకొకటి 22.25 వస్తాయి. సమానం కావు, తప్పని తనకే తెలిసిపోయేది. (1, 0)తో రెండూ 20. తన జవాబు ఒప్పో కాదో తనే చెప్పుకోగలిగినవాడికి వెనక పేజీతో పని ఉండదు.

ఏలూరు అమ్మ
ఇది చేయిస్తాను టీచర్‌గారూ. రోజుకు ఎన్ని లెక్కలో ఎవరూ చెప్పలేదు.

విశ్రాంత లెక్కల మాస్టారు
అన్నీ ఒకే రకం ఇస్తే ఇరవై చేసినా ఒకటి చేసినట్టేనమ్మా. అయిదారు చాలు, ఒక కారణాంక విభజన, ఒక సమీకరణం, ఒక గ్రాఫ్, నిన్న తప్పిన లెక్క ఒకటి, అలా కలగలిపి ఇవ్వండి.

శ్రీ గణిత ట్యూషన్
అయిదారా! మా పిల్లలు పొద్దున లేచి అంతకు మూడింతలు చేస్తారు.

పది బి సెక్షన్
అర్థమైంది టీచర్. ఇలాంటిదే ఇంకొకటి ఇవ్వండి.

ఉన్నత పాఠశాల టీచర్
వై అక్షం మీద (3, 1), (−1, 5) లకు సమాన దూరంలో ఉన్న బిందువు కనుక్కో. సరిచూసి మరీ రాయి. పెద్దవాళ్లు దయచేసి జవాబు పెట్టకండి.

డల్లాస్ బాబాయి
(2, 0).

ఉన్నత పాఠశాల టీచర్
పెట్టవద్దన్నాను. పైగా మీ బిందువు ఎక్స్ అక్షం మీద ఉంది.