ల్యాబ్ రిపోర్టు లింకు 7 రోజులకు దానంతటదే ఆగిపోవాలంటే ఎలా?

విజయవాడ సూర్యారావుపేటలో మాది చిన్న డయాగ్నస్టిక్ ల్యాబ్. రిపోర్టు పీడీఎఫ్‌ను మామూలు గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, 'లింకు ఉన్న ఎవరైనా' సెట్టింగ్‌తో పేషెంటుకు వాట్సాప్‌లో పంపుతున్నాం. ఆ లింకు నెలల తర్వాత కూడా తెరుచుకుంటోంది. ఎవరైనా ఫ్యామిలీ గ్రూపులోకి ఫార్వర్డ్ చేస్తే షుగరో, హెచ్‌ఐవీనో ఊరందరికీ తెలిసిపోతుంది. అదే నా టెన్షన్.

'రెస్ట్రిక్టెడ్' (మనం చేర్చిన ఈమెయిల్‌కే తెరుచుకునే సెట్టింగ్) పెట్టి చూశాం, జీమెయిల్ లేని పెద్దవాళ్లకు తెరుచుకోలేదు. గడువు తేదీ పెట్టే వీలు డబ్బు కట్టే వర్క్ అకౌంట్లలో ఉంది గానీ, అదీ ఫలానా ఈమెయిల్‌కు ఇచ్చిన అనుమతికే, 'లింకు ఉన్న ఎవరైనా'కు కాదు. పీడీఎఫ్‌కు పుట్టిన తేదీ పాస్‌వర్డ్‌గా పెట్టాం. అది ఇంట్లో అందరికీ తెలిసిందే, పైగా తెరవడం రాక కౌంటర్‌కు ఒకటే ఫోన్లు. వాట్సాప్‌లో డిసప్పియరింగ్ మెసేజ్‌లు 7 రోజులకు పెట్టినా, ఫోన్లో విడిగా సేవ్ చేసుకున్న ఫైలు పోదు.

2023 డేటా రక్షణ చట్టంలో భద్రత లోపానికి జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. జరిమానా లేకపోయినా, మనిషి జబ్బు అతని సొంత విషయం కదా.

మొబైల్‌కు వచ్చే ఓటీపీతో మాత్రమే తెరుచుకుని, 7 రోజుల తర్వాత పనిచేయని లింకు ఇచ్చే పద్ధతి, నెలకు రెండు వేల లోపు ఖర్చుతో, మీ ల్యాబ్‌లో గానీ క్లినిక్‌లో గానీ ఏది వాడుతున్నారు?