సోడియం ఎలక్ట్రాన్‌ను నిజంగా ‘ఇష్టపడి’ వదులుకుంటుందా?

ప్రశ్న:
అయానిక బంధం గురించి చదివిన ప్రతిసారీ ఒకే వివరణ కనిపిస్తోంది. సోడియం బాహ్య కక్ష్యలో ఒక్క ఎలక్ట్రాన్ ఉంది, క్లోరిన్‌కు ఏడు ఉన్నాయి. కాబట్టి సోడియం తన ఎలక్ట్రాన్‌ను ఇచ్చివేసి నియాన్ విన్యాసాన్ని, క్లోరిన్ దానిని పుచ్చుకొని ఆర్గాన్ విన్యాసాన్ని పొంది, రెండూ స్థిరపడతాయి అంటారు. కానీ పట్టికలు చూస్తే లెక్క కుదరడం లేదు. వాయుస్థితిలోని సోడియం పరమాణువు నుంచి ఆ ఎలక్ట్రాన్‌ను తొలగించడానికి మోల్‌కు 496 కిలోజౌళ్లు కావాలి. క్లోరిన్ దానిని స్వీకరించినప్పుడు విడుదలయ్యేది 349 మాత్రమే. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో 147 కిలోజౌళ్ల నష్టమే మిగులుతోంది. నష్టం వచ్చే పనిని స్థిరత్వం అని ఎలా అంటున్నాం?

జవాబు 1:
మీ లెక్క తప్పు కాదు, సగంలో ఆగింది. ఆ మాటకొస్తే నష్టం ఇంకా ఎక్కువే: ఘన సోడియంను ఆవిరి చేయడానికి 107, క్లోరిన్ అణువులను విడగొట్టి ఒక మోల్ పరమాణువులను పొందడానికి 122 కలిపితే అది 376 కిలోజౌళ్లకు చేరుతుంది. దీనిని పూడ్చేది అష్టకం (బాహ్య కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రాన్లు నిండటం) కాదు, అయాన్ల మధ్య ఆకర్షణ. విడివిడిగా ఉన్న ధన, ఋణ అయాన్లు ఒకదాని చుట్టూ ఒకటి చేరి స్ఫటికంగా అమరినప్పుడు మోల్‌కు దాదాపు 787 కిలోజౌళ్లు విడుదలవుతాయి. అన్నీ పోగా మిగిలే 411 కిలోజౌళ్లే సోడియం క్లోరైడ్ ఏర్పడేటప్పుడు వెలువడే శక్తి.

మరి సోడియం ఒక్క ఎలక్ట్రాన్‌తోనే ఎందుకు ఆగుతుంది? రెండవది కేంద్రకానికి మరింత దగ్గరగా, లోపలి కక్ష్యలో ఉంటుంది. దానిని తీయడానికి 4562 కిలోజౌళ్లు కావాలి. ఏ స్ఫటికమూ అంత ఖర్చును తిరిగి రాబట్టలేదు. మెగ్నీషియం విషయంలో మొదటి రెండింటికీ కలిపి సుమారు 2190 చాలు, మూడవదానికి 7700 దాటుతుంది కాబట్టి అది రెండింటితో ఆగుతుంది. పరమాణువుకు కోరికలేవీ లేవు. ‘ఎనిమిది కావాలనుకుంటుంది’ అనే మాట బోధనకు సులువే గానీ, ఇలాంటి సందేహాలకు మూలం కూడా అదేనని నా అభిప్రాయం.

జవాబు 2:
పరమాణువులు ఎలక్ట్రాన్లను పంచుకునే సంయోజనీయ బంధానికి కూడా ఇదే వర్తిస్తుంది. క్లోరిన్ అణువులో పంచుకున్న జంటను ఇటు రెండు, అటు రెండు అని రెండుసార్లు లెక్కిస్తేనే రెండు పరమాణువులకూ ఎనిమిది వస్తాయి. 1916లో రసాయన శాస్త్రవేత్త లూయిస్ ప్రతిపాదించిన ఈ పద్ధతి ఎంతో ఉపయోగకరమే అయినా, బంధానికి కారణాన్ని అది చెప్పదు. రెండు హైడ్రోజన్ పరమాణువులు 74 పికోమీటర్ల దూరానికి చేరినప్పుడు రెండు ఎలక్ట్రాన్లనూ రెండు కేంద్రకాలూ ఆకర్షిస్తాయి. అందువల్ల మొత్తం శక్తి తగ్గుతుంది. ఆ అణువును తిరిగి విడదీయాలంటే మోల్‌కు 436 కిలోజౌళ్లు కావాలి. హైడ్రోజన్‌కు ఉన్నది మొదటి కక్ష్య ఒక్కటే కాబట్టి అక్కడ రెండుతోనే నిండిపోతుంది.

ప్రశ్న వేసినవారు:
ధన్యవాదాలు. అంటే ఎనిమిది అనేది కారణం కాదు, ఫలితం అన్నమాట. అలాగైతే బోరాన్ ట్రైఫ్లోరైడ్‌లో బోరాన్ ఆరుతో ఎలా సరిపెట్టుకుంటోంది?

జవాబు 3:
బోరాన్‌కు ఉన్నవి మూడే వేలన్సీ ఎలక్ట్రాన్లు, అంటే బాహ్య కక్ష్యలోని ఎలక్ట్రాన్లు. మూడు బంధాలు ఏర్పడ్డాక ఒక ఆర్బిటాల్ (రెండు ఎలక్ట్రాన్లు పట్టే చోటు) ఖాళీగా మిగులుతుంది. అందుకే అమ్మోనియా ఎదురైతే అందులోని నైట్రోజన్ ఒంటరి జంటను (బంధంలో లేని రెండు ఎలక్ట్రాన్లను) స్వీకరించి ఎనిమిదికి చేరుతుంది. కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్, ఫ్లోరిన్‌ల విషయంలో అష్టక నియమం ఇంత నమ్మకంగా పనిచేయడానికి కారణం, రెండవ కక్ష్యలో ఒక ఎస్, మూడు పి ఆర్బిటాళ్లు మాత్రమే ఉండటం: నాలుగు ఆర్బిటాళ్లు, ఎనిమిది ఎలక్ట్రాన్లు. అయినా నైట్రిక్ ఆక్సైడ్‌లో వేలన్సీ ఎలక్ట్రాన్లు మొత్తం పదకొండు, బేసి సంఖ్య కాబట్టి రెండు పరమాణువులకూ ఎనిమిది చొప్పున సమకూర్చడం అసాధ్యం.

అష్టకం నిండిన జడవాయువు జినాన్ కూడా చర్యలో పాల్గొంటుందని 1962లో రసాయన శాస్త్రవేత్త నీల్ బార్ట్‌లెట్ చూపించారు. ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ ఆక్సిజన్ అణువు నుంచే ఎలక్ట్రాన్‌ను లాక్కోగలిగిందని గమనించిన ఆయన, జినాన్ అయనీకరణ శక్తి (ఎలక్ట్రాన్‌ను తొలగించడానికి కావలసిన శక్తి) కూడా దాదాపు అంతే, అంటే మోల్‌కు సుమారు 1170 కిలోజౌళ్లే కదా అని ఆ రెండింటినీ కలిపి చూశారు. మీరు పట్టికలో చూసిన లెక్క వంటిదే ఆయననూ ఆ ప్రయోగానికి పురిగొల్పింది.