అప్‌డేట్: ఆటపాక పనోరమా బాగా వచ్చింది
కొల్లేరులో ఆటపాక పక్షుల కేంద్రం దగ్గర పక్కపక్కగా తీసిన ఫొటోలను ఒకే వెడల్పాటి ఫొటోగా (పనోరమాగా) కలిపితే ఆకాశంలో చారలు వస్తున్నాయని అడిగాను కదా, అవి పోయాయి! మీరు చెప్పినట్టే పోలరైజర్ (లెన్స్ ముందు పెట్టే ఫిల్టర్) తీసేసి, ఎక్స్‌పోజర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ (రంగుల సెట్టింగ్) అన్ని ఫ్రేములకీ ఒకేలా ఉండేలా మాన్యువల్‌లో పెట్టాను. కెమెరా నిలువుగా పట్టి, పక్కపక్క ఫ్రేములు మూడో వంతు కలిసేలా తీశాను.

అసలు కష్టమంతా నీళ్లతోనే. అలలు కదులుతుంటే సాఫ్ట్‌వేర్‌కి పోల్చుకోవడానికి స్థిరమైన గుర్తులు దొరకవు. అందుకే ప్రతి ఫ్రేములోనూ పక్షులు వాలే స్టాండ్లు గానీ, గట్టు మీది చెట్లు గానీ పడేలా చూసుకున్నాను. ఈదుతున్న గూడబాతు ఒకటి రెండుచోట్ల కనిపిస్తే, ఫొటోలు కలిపే సాఫ్ట్‌వేర్ హగిన్‌లో మాస్క్ (ఆ భాగం వాడొద్దని చెప్పే గుర్తు) గీసి రెండోదాన్ని తీసేశాను. వెళ్లేవాళ్లు మాత్రం పొద్దున్నే, గాలి లేవకముందే వెళ్లండి. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్.